నామ్‌గుంగ్ గారి ముందు పటకారు పట్టిన రోజు

సువొన్ కోటగోడ కింది వీధి మలుపులో మల్‌సున్ కిరాణా కొట్టు ఉంది. కొట్టు ముందు వెడల్పాటి చెక్క బల్ల. సాయంత్రమయ్యేసరికి ఆ బల్ల మీద చెప్పులు విప్పి, బాసింపట్టు వేసుకుని కూర్చునే మనిషి తక్ మన్‌గిల్. సిటీ బస్సు నడిపి రిటైరైనవాడు. ఆ రోజు మాత్రం ఎండ తగ్గకముందే వచ్చేశాడు. వస్తూనే పక్కనున్న టైర్ల షాపు దొక్‌సుని కేకేశాడు, మల్‌సున్‌ని బియ్యపు కల్లు సీసా తెమ్మన్నాడు, గిన్నెల్లో తనే పోశాడు, పోసింది తాగకుండానే మొదలెట్టేశాడు.

"మా హ్యెరిమ్‌కి పెళ్ళి కుదిరింది. ఊరికే కుదిరిందనుకునేరు! కుదిర్చింది నేను. ఇదిగో, ఈ చేత్తో. ఈ చేతిలో పటకారుతో."

"పటకారుతో పెళ్ళి కుదర్చడమేంటన్నా?" అన్నాడు దొక్‌సు, చేతికంటిన నూనె మరక గుడ్డతో తుడుచుకుంటూ.

"అడుగుతావనే చెప్తున్నా. మొన్న ఆదివారం మధ్యాహ్నం పిల్లాడి తరఫువాళ్ళూ మేమూ కలిసి భోంచేశాం. పిల్లా పిల్లాడూ ఇష్టపడితే అయిపోయిందా, రెండిళ్ళ పెద్దవాళ్ళూ ఒక కుంపటి చుట్టూ కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి కదా, అవునో కాదో అక్కడే తేలాలి కదా. పిల్లాడి తండ్రి నామ్‌గుంగ్ గారు, హెడ్మాస్టరు చేసి దిగినాయన. ఎలాంటి మనిషో తెలుసా? ఆయన దగ్గితే మూడంతస్తుల బడీ లేచి నిలబడేదట. ఆయన నవ్వగా చూసినవాళ్ళు ఈ సువొన్‌లోనే లేరు. చూశామన్నవాళ్ళు ఒకరిద్దరుండేవాళ్ళట గానీ, ఎవరూ నమ్మకపోయేసరికి ఊరొదిలి వెళ్ళిపోయారు."

"ఇంకా అన్నం కూడా పెట్టలేదు, అప్పుడే కోతలు మొదలు," అంది మల్‌సున్ గడప మీద కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తూ.

"కోతలు కాదు చెల్లెమ్మా, విను ముందు. ఎర్రతలుపు హోటలుకి రమ్మన్నారు. బొగ్గుల మీద కాల్చే పక్కటెముకల గల్బీ తినాలంటే సువొన్‌కి రావాలి, సువొన్‌లో తినాలంటే ఎర్రతలుపుకి పోవాలి, ఆ సంగతి మీకు చెప్పక్కర్లేదు. వెళ్ళాం. బూట్లు విప్పాం. మెత్తల మీద కూర్చున్నాం. బల్ల మధ్య గుంటలో బొగ్గుల కుంపటి దించారు, దాని మీద ఇనప జాలీ పెట్టారు, పైనుంచి పొగగొట్టం ఏనుగు తొండంలా కిందికి లాగారు. ఇటు మా ఆవిడ, హ్యెరిమ్, నేను. అటు నామ్‌గుంగ్ గారు, వాళ్ళావిడ, పిల్లాడు, పిల్లాడి నాయనమ్మ. ఎవరూ మాట్లాడరే! చిన్న గిన్నెల్లో కిమ్చీలూ పచ్చళ్ళూ వరసగా పెడుతుంటే ఆ గిన్నెల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. హ్యెరిమ్ మొహం చూశాను. పాలిపోయి ఉంది. అమ్మా, ఇక ఊరుకుంటే లాభం లేదనుకున్నా. వడ్డించే ఆవిడ గల్బీ పళ్ళెం, పటకారు తెచ్చింది. 'ఆగమ్మా' అన్నాను. ఆ పటకారుని రెండు చేతులతో అందుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది, మాంసం కాలింది," అన్నాడు దొక్‌సు.

"కాలింది అంటాడు చూడు! కాల్చడం వేరు, కాలడం వేరు. చెప్పు, గల్బీ ముక్కని ఎన్నిసార్లు తిప్పాలి?"

"ఎన్నిసార్లు తిప్పితే ఏంటి? మాడకుండా ఉంటే చాలు."

"అందుకే నువ్వు టైర్లు తిప్పుకుంటూ ఉండిపోయావు! ఒక్కసారి తిప్పాలి. ఒక్కటంటే ఒక్కసారి. ముక్కే చెప్తుంది, 'ఇక నన్ను తిప్పు నాయనా' అని. దానికి చెవి కావాలి. బస్సు ఇంజను ఎక్కడ నలతగా ఉందో సీట్లో కూర్చుని చెప్పిన చెవులివి. వేశాను. విన్నాను. తిప్పాను. తిప్పితే ఒక్క రసం చుక్క బొగ్గుల్లో పడితే ఒట్టు. పక్క బల్లవాళ్ళు తినడం మానేసి ఇటు తిరిగారు. వాళ్ళ వెనక బల్లవాళ్ళు లేచి నిలబడ్డారు. వంటింట్లోంచి హోటలు ముసలావిడే స్వయంగా బయటికొచ్చి, చేతులు తుడుచుకుని, 'మా మావగారు పోయాక మళ్ళీ ఇలాంటి మణికట్టు చూడలేదు' అని కళ్ళు ఒత్తుకుంది."

"ఇంతవరకూ పరవాలేదు. ఇది జరిగినా జరగొచ్చు," అంది మల్‌సున్.

ఆ మాటతో మన్‌గిల్‌కి ఊపొచ్చింది. గిన్నెడు కల్లు ఒక్క గుక్కలో దించాడు.

"అయితే బొగ్గు కొంచెం బద్ధకంగా ఉంది. పై ముక్క కాలుతోంది గానీ ఎముక దగ్గర ఎర్రగానే ఉంది. వంగాను. మీసం కాలకుండా ఇలా మొహం పక్కకి పెట్టి ఊదాను. ఒక్క ఊదు! మన కుంపటి సరే, పక్క బల్ల కుంపటీ రాజుకుంది, ఆ పక్కదీ రాజుకుంది, హోటల్లో ఉన్న కుంపట్లన్నీ భగ్గుమని లేచాయి. ఎవరో మూలన చల్లని నూడుల్స్ తింటున్నాడు పాపం, అవి కూడా పొగలు కక్కాయి."

"అబ్బో!"

"అబ్బో అనకు, ఇంకా ఉంది. మంట పెరిగితే పొగగొట్టం ఊరుకుంటుందా? అది కూడా ఊపందుకుంది. మొదట ఒక లెట్యూస్ ఆకు పళ్ళెంలోంచి లేచి, గాల్లో ఒక మొగ్గేసి, గొట్టంలోకి పోయింది. సరే, ఆకే కదా అనుకున్నా. తర్వాత మిగతా ఆకులన్నీ బాతుల గుంపులా వరస కట్టి లేచాయి. తర్వాత నామ్‌గుంగ్ గారి మెడలో వేసిన ఏప్రను. తర్వాత, వింటున్నారా, ఆయన కళ్ళజోడు! ముక్కు మీదనుంచి ఊడి పైకి పోతోంది. హెడ్మాస్టరు కళ్ళజోడు! అది పోతే పెళ్ళి పోయినట్టే. నేను లేవలేదు. కూర్చున్నచోటే చెయ్యి చాచి పటకారుతో టక్కున పట్టుకున్నా. పట్టుకుని, అంటిన నూనె తుడిచి, ఆ పటకారుతోనే మళ్ళీ ఆయన ముక్కు మీద పెట్టా. ఆయన రెప్ప కూడా ఆర్పలేదు. ఆర్పడానికి టైం ఏదీ?"

"ఇంకో చేత్తో ముక్కలు తిప్పుతున్నావా అన్నా?" అన్నాడు దొక్‌సు అమాయకంగా మొహం పెట్టి.

"మరి? కత్తెరతో కోస్తున్నా కూడా."

"మూడో చెయ్యెక్కడిది?"

"కంగారులో ఉన్నవాడు చేతులు లెక్కపెట్టుకుంటాడా దొక్‌సూ? అసలు కష్టం అప్పుడొచ్చింది. చెప్పానుగా, పిల్లాడి నాయనమ్మ అని. తొంభై దాటిన మనిషి, చేటలో పోసిన ఎండు మిరపకాయంత ఉంటుంది. పండగ బట్టలు కట్టుకొచ్చింది. పొగగొట్టం లాగుడికి ఆ పట్టు లంగా గొడుగులా విచ్చుకుంది. విచ్చుకుని మెత్తతో సహా పైకి లేచింది!"

"మెత్తా?"

"మెత్తా, మనిషీ, ఇద్దరూ! వాళ్ళావిడ కెవ్వుమంది. పిల్లాడు కాలు పట్టుకోబోతే మేజోడు చేతికొచ్చింది. నామ్‌గుంగ్ గారు మాత్రం నావైపు చూశారు. అంత పెద్దమనిషి, నోట మాట లేదు, కళ్ళతో అడుగుతున్నారు, 'అయ్యా, మా అమ్మ' అని. నేను పటకారు చాచి ఆవిడ రవిక ముడి దగ్గర పట్టుకున్నా. గట్టిగా పడితే పట్టు చిరుగుతుంది, మెల్లగా పడితే మనిషి పోతుంది. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఉన్నప్పుడు బ్రేకు ఎలా తొక్కుతానో అలా పట్టా. మెల్లగా, మెల్లగా దించా. దించి, కూర్చోబెట్టి, అదే వేడిలో ఎముకున్న ముక్క ఒకటి ఆవిడ చేతిలో పెట్టా. 'నాయనా, నాకు పళ్ళు లేవు' అంది. 'ముందు తినమ్మా' అన్నా. కొరికింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

మల్‌సున్ చేతిలో వెల్లుల్లి ఆగిపోయింది. "పళ్ళొచ్చాయని మాత్రం అనకు."

"ముందు రెండు."

దొక్‌సు బల్ల మీద వెల్లకిలా పడిపోయాడు నవ్వలేక.

"నవ్వండి, నవ్వండి. ఆ రోజు నవ్వినవాళ్ళు లేరు. ఆవిడ ఎముక కొరికి, మూలుగ పీల్చి, ఇంకోటి అడిగింది. రెండో ఎముకకి దవడ పళ్ళు కూడా దిగాయి. ఇంతలో ఆ పొగంతా ఏమైందనుకున్నారు? గొట్టంలోంచి కప్పు మీదికి పోయి, కోటగోడ దాటింది. మొదట స్టేషనుకి చేరింది. సియోల్ వెళ్ళే రైలొకటి వచ్చి ఆగింది. ఆగాల్సిందే అది, ఆగడంలో వింతేం లేదు. కదలడమే మర్చిపోయింది! డ్రైవరు దిగి వాసన ఎటునుంచి వస్తోందో చూస్తూ నడుచుకుంటూ వచ్చేశాడు, వెనక పాసింజర్లందరూ సూట్‌కేసులు లాక్కుంటూ. అటు కొండ మీద మఠం ఉందా, సన్యాసులు పాపం నియమం ఉన్నవాళ్ళు, వాసన తగలగానే కిటికీలన్నీ గబగబా మూసేశారు. మూశారు గానీ, ఒకాయన మాత్రం బయటనుంచి మూశాట్ట."

ఈసారి మల్‌సున్ కూడా ఆపుకోలేకపోయింది. కొంగు లేదు గనక చెంపల మీదికి రెండు చేతులూ తీసుకుని, వెల్లుల్లి ఘాటు కళ్ళకి తగిలి, నవ్వుతూ ఏడ్చింది.

"అంత పొగ చూసి ఎవడో ఫైరింజనుకి ఫోన్ కొట్టాడు. వచ్చారు. గంటలు కొట్టుకుంటూ వచ్చి, గొట్టాలు పట్టుకుని తలుపు తోసుకుని లోపలికి దూకారు. దూకినవాళ్ళు దూకినట్టే ఆగిపోయారు. వాళ్ళ పెద్దాయన ముక్కెగరేసి ఒక్క పీల్పు పీల్చి, 'ఒరేయ్, గొట్టాలు కింద పెట్టండిరా' అన్నాడు. వరసగా బూట్లు విప్పి కూర్చున్నారు. రైలువాళ్ళు ఒక పక్క, ఫైరువాళ్ళు ఒక పక్క, గుమ్మంలో ఆ సన్యాసి, నేను తినను గానీ చూస్తానని. అందరికీ నేనే కాల్చాను. పటకారు ఎర్రగా కాలిపోయింది. నా చెయ్యి మాత్రం చల్లగా ఉంది."

"మరి నామ్‌గుంగ్ గారు? పెళ్ళి మాట?" అన్నాడు దొక్‌సు కళ్ళు తుడుచుకుంటూ.

"ఆ, అక్కడికే వస్తున్నా. చివరికి ఇంకో పళ్ళెం లెట్యూస్ తెప్పించి, ఆయన కోసం ఒక్క ముద్ద చుట్టాను. మామూలు ఆకు చాలదని ఏడెనిమిది ఆకులు ఒకదానిమీదొకటి పరిచి, లేత ముక్కలు పెట్టి, వెల్లుల్లి, మిరప, సోయా ముద్ద, కాస్త అన్నం పెట్టి, పసిపిల్లని పొత్తిళ్ళలో చుట్టినట్టు చుట్టి, ఆయన నోటికందించాను. అంత పెద్దమనిషి నోరు తెరిచారు. నమిలారు. నమిలి నమిలి, నవ్వారు! వాళ్ళావిడ నలభయ్యేళ్ళ కాపురంలో చూడని నవ్వు. నవ్వి, వెంటనే ఏడ్చారు. లేచి, ఆ జనం అందరి ముందూ నా చేతులు పట్టుకుని, 'తమ్ముడూ, మీ అమ్మాయిని మా ఇంటికివ్వు. ఇవ్వనంటావా, నన్నే మీ ఇంటికి తీసుకుపో' అన్నారు. ఆ పటకారు అడిగి తీసుకున్నారు. బళ్ళో అద్దాల బీరువాలో పెట్టిస్తారట, పిల్లలు చూసి నేర్చుకోవాలని. నేనేమన్నానంటే..."

"ఏవయ్యా, నాలుక మంట తగ్గిందా?"

మాట కొట్టు లోపలినుంచి వచ్చింది. ఉప్పు బస్తాల పక్కన మన్‌గిల్ భార్య బున్‌సొన్ నిలబడి ఉంది, చంకలో ముల్లంగి కట్ట. పచ్చడికి ఉప్పు కోసం వెనక గుమ్మంలోంచి వచ్చినట్టుంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

మన్‌గిల్ గాల్లో ఎత్తిన చెయ్యి దించి, ఖాళీ గిన్నె అందుకున్నాడు.

"నాలుకకేమైంది వదినా?" అన్నాడు దొక్‌సు లేచి కూర్చుంటూ.

"ముసలావిడ గాల్లోకి లేచినప్పట్నుంచీ వింటున్నా," అంది బున్‌సొన్ బల్ల అంచున కూర్చుని. "ఆ నాయనమ్మ పోయి పన్నెండేళ్ళయింది. ఫోన్లో ఫోటో చూపించారు. పాపం, అందులో కూడా ఆవిడకి పళ్ళు లేవు."

మల్‌సున్ వెల్లుల్లి బుట్ట పక్కన పెట్టేసింది. "మరి పటకారు?"

"పటకారు ఈయన ముట్టుకుంటేగా! నామ్‌గుంగ్ గారు పటకారు ఇంకొకరికి ఇచ్చే మనిషి కాదు. కూర్చుంటూనే చొక్కా చేతులు మడిచి తనే కాల్చడం మొదలెట్టారు. మొదటి ముక్క కోసి, 'ముందు మీరు' అని ఈయన గిన్నెలో పెట్టారు. ఈయనకేమో కంగారు. ఎవరూ మాట్లాడట్లేదు, తనైనా ఏదో ఒకటి మాట్లాడాలని. ఎప్పుడూ చెప్పే ఆ బస్సు కొండెక్కిన కథ ఎత్తుకోబోతూ, ఆ ముక్కని సెగలు కక్కుతుండగానే ఆకులో చుట్టి నోట్లో పెట్టేసుకున్నాడు. ఎదురుగా వియ్యంకుడు కళ్ళలోకి చూస్తున్నాడాయె, ఉమ్మడానికి లేదు. మింగడానికీ లేదు. మొహం కిమ్చీ రంగైంది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. ఎలాగో మింగాడు. అంతే. ఇక లేచేదాకా ఒక్క మాట లేదు. ఏదైనా అడిగితే తలూపడం, రెండు చేతులతో సోజు సారా పొయ్యడం, మళ్ళీ తలూపడం."

"ఈయనా? ఒక్క మాట లేకుండా?" అన్నాడు దొక్‌సు.

"నాలుక లావెక్కి పంటికి అడ్డం పడుతుంటే మాటెక్కడొస్తుంది! పక్కన కూర్చున్న నాకే తెలీలేదు. పిల్ల కనిపెట్టింది. చివర్లో చల్లని నూడుల్స్ తెచ్చారా, అది తన గిన్నెలో ఐసు ముక్కలన్నీ ఏరి, ఎవరూ చూడకుండా వాళ్ళ నాన్న గిన్నెలో వేసింది. ఒక్కొక్కటీ నోట్లో పెట్టుకుని ఈయన దాని వైపే చూస్తూ కూర్చున్నాడు."

మన్‌గిల్ తల వంచుకుని ఖాళీ గిన్నెని బల్ల మీద గుండ్రంగా తిప్పుతున్నాడు.

"మీకు చెప్పకేం, హోటలుకి వెళ్ళేముందు పిల్ల నన్ను వంటింట్లోకి లాగి ఏడ్చినంత పని చేసింది. 'అమ్మా, నామ్‌గుంగ్ గారికి ఎక్కువ మాట్లాడేవాళ్ళంటే గిట్టదట, నాన్న నోరు తెరిస్తే అయిపోతుంది' అని. నాకూ అదే భయం. ఈయనకి చెప్పలేం, బాధపడతాడు. చెప్పకుండా తీసుకెళ్ళలేం. తీరా భోజనం అయ్యాక, కారెక్కబోతూ నామ్‌గుంగ్ గారు నన్ను పక్కకి పిలిచి ఏమన్నారో తెలుసా?"

"ఏమన్నారు?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"'అమ్మా, ఇంత మితంగా మాట్లాడే మనిషిని ఈమధ్య కాలంలో చూడలేదు. పైగా కూతుర్ని తలుచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, నేను గమనించాను. ఇలాంటి ఇంటి పిల్లైతే ఇక ఆలోచించేదేం లేదు' అన్నారు."

దొక్‌సు తొడ చరిచి అరిచిన అరుపుకి వీధిలో పోతున్న సైకిలువాడు బ్రేకు వేశాడు. మల్‌సున్ గడప పట్టుకుని వంగిపోయింది. "మితంగా! మన్‌గిల్ అన్నయ్య! మితంగా!"

"ఇంకా విను," అంది బున్‌సొన్. తనకీ నవ్వు ఆగట్లేదు గానీ గొంతులో బెరుకు కూడా ఉంది. "ఇప్పుడే ఆయన దగ్గర్నుంచి ఫోనొచ్చింది. వచ్చే ఆదివారం మళ్ళీ ఎర్రతలుపుకే రమ్మన్నారు. ఈసారి వాళ్ళ అన్నదమ్ములూ, పినతండ్రులూ అందరూ వస్తున్నారట. 'మా వియ్యంకుడిగారిని వాళ్ళకి కూడా చూపించాలి, పెద్దమనిషంటే ఎలా ఉండాలో' అన్నారు."

దొక్‌సు నవ్వు చప్పున ఆగింది. "అందరి ముందా?"

"అందరి ముందే."

"మరెలా అన్నా? ఈసారి నీ నాలుక బానే ఉందిగా. పూట గడిచేలోగా రైలు ఆపేస్తావు నువ్వు."

మన్‌గిల్ గిన్నె తిప్పడం ఆపాడు. ఏదో మొదలెట్టబోయి మానుకున్నాడు. ఆ బల్ల మీద అతను ఒక మాట అనడానికి అంతసేపు ఆలోచించడం వాళ్ళెవరూ ఎప్పుడూ చూడలేదు.

"ఏముంది," అన్నాడు చివరికి, చిన్న గొంతుతో. "మొదటి ముక్క రాగానే మళ్ళీ నాలుక కాల్చుకుంటా."

ఎవరూ నవ్వలేదు. బున్‌సొన్ ముల్లంగి కట్ట ఒళ్ళోంచి పక్కకి పెట్టింది. మల్‌సున్ లేచి వచ్చి, సీసాలో అడుగున మిగిలిందంతా మన్‌గిల్ గిన్నెలో రెండు చేతులతో వంచింది.

"ఇంతసేపూ చెప్పినవాటిలో, అన్నయ్యా, ఇదొక్కటి నమ్ముతున్నా."